ముగ్గు చెయ్యి

నలభై తొమ్మిదో ఏట బొమ్మలెయ్యడం మొదలుపెట్టాను. ఆ సంగతి బయటికి చెప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఎవరైనా తలుపు తడితే భోజనాల బల్ల మీది కాగితాలు గబగబా తీసి బీరువా మీద పడేసేదాన్ని. "ఏంటి వదినా అవి?" అంటే "పిల్లాడి ప్రాజెక్టు" అనేసేదాన్ని. మా పిల్లాడు అప్పటికి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం.

నిజానికి నాది కొత్త చెయ్యేం కాదు. పదేళ్ల వయసు నుంచి ధనుర్మాసం నెల్లాళ్లూ వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టిన చెయ్యి. 21 చుక్కలు, సందు చుక్క 11 వరకు, వంచిన నడుం ఎత్తకుండా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతుంటే గీత ఎక్కడా తెగేది కాదు. ఈ చేతికి కుంచె ఓ లెక్కా అనుకున్నాను.

ఆ ధీమాయే కొంప ముంచింది. మా వీధిలో రిటైరైన డ్రాయింగు మాస్టారొకరు నేర్పుతారు. నా మొదటి బొమ్మ అరటిగెల. అది చూసి, "గీత బ్రహ్మాండంగా ఉందమ్మా, వచ్చిన చిక్కల్లా అదే" అన్నారు. ముగ్గుకి గీతే ప్రాణం. వాటర్ కలర్‌లో మాస్టారు చెప్పే అంచు వేరు: ఒక రంగు ఆగి ఇంకోటి మొదలైన చోటు. తడి కాగితం మీద నీలం చుక్క పెడితే అది తన ఇష్టమొచ్చినంత దూరం పాకుతుంది, మనం చూస్తూ కూచోవాలి. తెలుపు కావాలంటే తెల్లరంగు పుయ్యరు, కాగితాన్నే వదిలెయ్యాలి. గోదారి మీద పొద్దుటెండ తళుక్కులు ఎక్కడెక్కడ రావాలో కుంచె తడపకముందే తేల్చుకోవాలి. ఖాళీ కనబడితే చాలు, ఓ పువ్వో ఆకో దించెయ్యడం ముప్పై తొమ్మిదేళ్లుగా నాకున్న అలవాటు. వదిలెయ్యడం ఎక్కడొస్తుంది?

ఠాగూర్ గురించి చెప్పి ధైర్యం చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. రాతప్రతిలో కొట్టేసిన మాటల్ని కలుపుతూ పోతే ఆయనకి పక్షులూ మొహాలూ తేలాయట, 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టేనాటికి దాదాపు 69 ఏళ్లట. బాగానే ఉంది, కానీ ఆయన ఠాగూర్!

నన్ను కదిలించింది మా రాజమండ్రిలోనే ఉంది. దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. పాతికేళ్లుగా దాని ముందు నుంచే కూరగాయల సంచీతో తిరిగాను, ఒక్కసారి లోపలికెళ్లలేదు. 1897లో పుట్టిన ఆయన 1925లో మశూచితో పోయారు. 28 ఏళ్లు నిండలేదు. నేను అన్నప్రాసనలకీ అక్షరాభ్యాసాలకీ హడావిడి పడుతున్న వయసుకి ఆయన పని పూర్తయిపోయింది. ఆ బొమ్మల ముందు నిలబడితే తెలిసింది, ఆయన దగ్గర గీత ఉంది! సన్నగా, వంపు తిరుగుతూ, ఒంటికి అంటుకున్న తడిబట్టలా ఉంది. నాది మాత్రం పొలం చుట్టూ కంచె.

అంటే ముగ్గు చేతిని వదిలించుకోవక్కర్లేదు, మెత్తబరుచుకుంటే చాలు. ఆ సాయంత్రం నుంచే కాగితాలు బీరువా మీద దాచడం మానేశాను. ఇంకో మాట కూడా. రోజూ వేసి రోజూ తుడిచేస్తే ఇంటిపని, కాగితం మీద వేసి అద్దం కట్టిస్తే కళ. ఈ లెక్క నాకు ఎక్కదు. మా అమ్మ ఎనభై ఏళ్లకీ వాకిలి వదల్లేదు. ఆవిణ్ణి ఆర్టిస్టని ఎవరూ అనలేదు, నాతో సహా.

మీలో ఎవరికైనా బుద్ధి పుడితే ఒక్కటి చెబుతాను. రంగులు పిల్లల డబ్బాలోవైనా ఫర్వాలేదు, కుంచె ఒకటి చాలు. కాగితం మాత్రం 300 జీఎస్‌ఎంది కొనండి. పల్చటి డ్రాయింగు షీటు నీళ్లు తగలగానే అప్పడంలా లేస్తుంది. నేను మూడు నెలలు ఆ తప్పు నా చేతిదే అనుకున్నాను.