ఆమె టైప్‌రైటర్

సోమర్‌సెట్ మామ్ నవల 'ది మూన్ అండ్ సిక్స్‌పెన్స్' (1919) నేను మొదట చదివింది ఇరవై రెండేళ్ళప్పుడు. అప్పుడు స్ట్రిక్‌లండే నా హీరో. లండన్‌లో స్టాక్‌బ్రోకర్. నలభై ఏళ్ళవాడు. పెళ్ళయి పదిహేడేళ్ళు. ఒకరోజు ఉద్యోగాన్నీ, భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ వదిలేసి, బొమ్మలు వేసుకోడానికి పారిస్ వెళ్ళిపోతాడు. అబ్బ, బతికితే ఇలా బతకాలి అనుకున్నాను.

ఇప్పుడు నాకు నలభై మూడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి పూర్తిగా రాసుకుందామా అని రెండేళ్ళుగా ఊగిసలాడుతున్నాను. కాస్త ధైర్యం వస్తుందేమోనని మళ్ళీ అదే పుస్తకం తీశాను. వచ్చింది ధైర్యం కాదు, సిగ్గు.

ఇంట్లో భార్య, ఆయన క్లబ్బులో పేకాడుతున్నాడు అనుకుంటూ ఉంటుంది. స్ట్రిక్‌లండ్ మాత్రం రాత్రి క్లాసుల్లో బొమ్మలు నేర్చుకుంటుంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు తమాషాగా అనిపించింది. ఈసారి అక్కడే ఆగిపోయాను. ఆదివారాలు ఆఫీసు కాల్ ఉందని చెప్పి, తలుపేసుకుని కథలు రాసుకున్నవాణ్ణి నేను. ఆ గంటల్లో పిల్లల హోంవర్కు, వంట, మా అమ్మ మందులు ఎవరు చూసుకున్నారో నాకు తెలుసు.

ఇంతకీ మిసెస్ స్ట్రిక్‌లండ్ ఏమైంది? షార్ట్‌హ్యాండ్, టైపింగ్ నేర్చుకుంటుంది. తెలిసిన రచయితలు రాతప్రతులు పంపిస్తారు. కొన్నేళ్ళకి సొంత ఆఫీసు, అందులో పనిచేసే అమ్మాయిలు. ఈ నవలలో నడివయసులో దారి మార్చుకున్నవాళ్ళు ఇద్దరు. ఒకరు కోరుకుని మార్చుకున్నారు, ఇంకొకరికి వేరే గతి లేక మార్చుకోవాల్సి వచ్చింది. మామ్ మొదటివాడికి పుస్తకమంతా ఇచ్చాడు, రెండో ఆమెకి కొన్ని పేజీలు. అవి కూడా ఎగతాళితో. తన ధైర్యానికీ, వ్యాపార దక్షతకీ ఆమే కాస్త సిగ్గుపడుతున్నట్టు రాస్తాడు. ఆ చూపు చురుకైనదే, కానీ జాలి లేనిది. పని చేసుకుని బతకడం పరువు తక్కువ అని ఆమెకి నేర్పిన సమాజాన్ని వదిలేసి, నేర్చుకున్న ఆమెని చూసి నవ్వుతాడు.

అయినా మామ్‌లో ఒక నిజాయితీ ఉంది. వర్క్-లైఫ్ బ్యాలెన్స్ గురించి ఇప్పుడు మనం చదివే పోస్టుల్లాగా 'మనసు చెప్పింది విను, అన్నీ సర్దుకుంటాయి' అనడు. స్ట్రిక్‌లండ్ బ్యాలెన్స్ చెయ్యడు, వదిలేస్తాడు. దాని ఖర్చు ఎవరు కట్టారో నవల దాచదు. మనమే చూడం. అతను మహా చిత్రకారుడయ్యాడు కదా అని మాఫీ చేసేస్తాం. మరి కాకపోయుంటే? నాలాంటి మామూలు రాతగాడి మాటేమిటి?

మీలో చాలామంది ఇరవైల్లో ఉండుంటారు. ఈ నవల తప్పకుండా చదవండి, స్ట్రిక్‌లండ్‌ని ప్రేమించండి. కానీ ఆవిడ కనబడే పేజీలు గబగబా తిప్పెయ్యకండి.

పోయిన ఆదివారం మా ఆవిడకి నిజం చెప్పేశాను. తను కోప్పడలేదు. ముందు హోమ్‌లోన్ ఇంకా ఎన్నేళ్ళుందని అడిగింది. తర్వాత, కూరగాయలు తరుగుతూనే, "స్కూలు ఉద్యోగం మానేసి మళ్ళీ వీణ నేర్చుకుంటానని నేనంటే, నువ్వేమంటావు?" అంది.

పదిహేనేళ్ళ కాపురంలో, తనకి వీణ వచ్చని నాకు తెలిసింది అప్పుడే.