కొండపల్లి యుద్ధస్మృతి – కావ్యమును శిలయును

కొండపల్లి దుర్గమును గూర్చి మనవారు వ్రాసిన వ్యాసములను వరుసగా జదివినచో నొక వైషమ్యము గోచరించును. రెడ్డిరాజుల నాటి ప్రాభవము, గజపతుల యేలుబడి, 1515లో కొండవీటిని సాధించిన పిమ్మట కృష్ణదేవరాయలు ఈ దుర్గమును గైకొనుట – ఇంతవరకు కథ విపులముగ సాగును. కుతుబుషాహీల కాలమున నది సన్నగిల్లును. 1766లో జనరల్ కైలాడ్ కుంఫిణీ సేనతో వచ్చి కోటను బట్టుకొన్న వృత్తాంతము మాత్రము తరచుగా నొక్క వాక్యముతో ముగియును.

ఈ యుపేక్షకు ఘటనయొక్క అల్పత్వము కారణము కాదు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలము ఉత్తర సర్కారులను కుంఫిణీ కొసగుచు ఫర్మానా నిచ్చెను. దేశము నిజాము అలీ చేతిలో నున్నది. కాగితముపై వచ్చిన హక్కును ఆయుధముతో స్థాపింపవలసి వచ్చెను. కొండపల్లి పట్టుబడిన యేడే, నవంబరు 12వ తేదీన, నిజాముతో సంధి కుదిరినది. కృష్ణాతీరపు పరిపాలన చేతులు మారిన సంధికాలమునకు ఈ కొండయే సాక్షి. మరి మనకేల జ్ఞాపకము లేదు? రాయల దండయాత్రకు శాసనములు గలవు, కావ్యావతారికలు గలవు, రాయవాచకము గలదు. 1766కు కవి లేడు.

ఫిరంగులతో, కవాతు నేర్చిన సిపాయిలతో జరుగు నవీనయుద్ధము కావ్యవస్తువు కాజాలదని కొందరందురు. ఆ మాట నిలువదు. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగుల ముందు కూలిన బొబ్బిలికోటకు దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము గలదు. ఊరూర గాయకులు పాడిన బొబ్బిలికథయు గలదు. మొదటిది ప్రబంధమర్యాదను బాటించిన పద్యకావ్యము. రెండవది జనుల నోట బెరిగిన గాథ. మల్లమ్మదేవియు, తాండ్ర పాపారాయుడును దానివలననే పామరునకు సైతము ఆత్మీయులైరి. ఇవిగాక రాబర్టు ఓర్మ్ అను ఆంగ్లచరిత్రకారుని గ్రంథమున నీ యుద్ధము సవిస్తరముగ వర్ణితము. ఓర్మ్ యేమి జరిగినదో వరుసగా జెప్పజూచును. గాథ ఏమి పోయినదో చెప్పును. ఒకదానితో రెండవదానిని సరిచూడక యేదియు సంపూర్ణప్రమాణము కాదు.

కొండపల్లికి ఆ గాథ లేదు గావున శిలనే చదువవలెను. కొండమీద రాజులనాటి మహలులతోపాటు ఎనిమిది పెద్దగదులు గల ఆంగ్లేయ సైనికనివాసమును, ఆంగ్లేయుల శ్మశానవాటికయు గలవు. కుంఫిణీ సేనకు శిక్షణస్థానమై, 1859లో ఈ స్థలము సైనికముగా విడువబడినది. గజశాల యెదుట నిలిచి పరవశులగువారు ఈ గదులను శిథిలములని దాటిపోవుదురు. అవియు చరిత్రాధారములే. గోడ కొలతలు, ఇటుక పరిమాణము, సున్నపు పని, ద్వారముల మార్పులు – వీనిని వ్రాసికొనక పూర్వము మరమ్మతు చేసినచో, అది తాళపత్రమును కడిగి శుభ్రపరచుట వంటిది. బురుజునందలి బీటను చూచినంతనే ఫిరంగి దెబ్బ యనుటయు తగదు. వానయు, రావిమొక్క వేరును గోడను చీల్చగలవు.

శిలకును పక్షపాతము గలదు. శ్మశానవాటిక దొరలను స్మరించుచున్నది. కుంఫిణీ సేనలో నధికసంఖ్యాకులు దేశీయ సిపాయిలు. వారు గెలిచిన పక్షమున నుండియు పేరు లేనివారైరి. కోటను గాచి యోడిన నిజాము భటులకును అదే గతి. ఒకరికి కావ్యము లేదు, మరియొకరికి రాయి లేదు. ఈ మౌనము గూడ నొక యాధారమే. దానిని గుర్తింపని చరిత్ర యసమగ్రము.

స్మరణకు మహాకవియే కావలెనని లేదు. పశ్చిమగోదావరి మండలమందలి మాధవరము రెండు ప్రపంచయుద్ధములకును తన బిడ్డలను పంపి, "మిలిటరీ మాధవరము" అని పేరొందినది. అచ్చట యుద్ధస్మారకమును గలదు. ఊరి పేరే శాసనమైనది. కొండపల్లి సిపాయిలకు ఆ యూరివంటి యూరు లేకపోయెను.

అయినను లోటును కల్పనతో బూరింపరాదు. కొండపల్లికి క్రొత్తగా నొక పాపారాయుని సృజించుట సత్యమునకు ద్రోహము. పాఠశాలా పండితులు విద్యార్థులను కొండ కెక్కించునపుడు గజశాలను జూపిన పిమ్మట ఆ యెనిమిది గదులను, ఆ సమాధులను గూడ జూపుదురు గాక. ఇచ్చట నెవరి పేరు లేదని వారినే యడుగుదురు గాక. ఆ ప్రశ్న పుట్టిననాడు 1766వ సంవత్సరము మనకు ఒక్క వాక్యముతో ముగియదు.