చివరికి అడిగింది చీమనే

గోదావరిఖనిలో కథ చెప్పడానికి మధ్యాహ్నం మంచి వేళ కాదు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయితే కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి, అద్దానికి అంటించిన బొట్టుబిళ్ల కూడా వణుకుతుంది. అట్లాంటి ఒక మధ్యాహ్నం పక్కింటి పాపకు రెండు కథలు వెంటవెంటనే చెప్పాను. ఊరు ఓపెన్‌కాస్టు కింద పోతే ఇటు వచ్చిన కుటుంబం వాళ్లది. ఒకటి డాక్టర్ స్యూస్ 1954లో రాసిన ‘హార్టన్ హియర్స్ ఎ హూ!’, రెండోది మన ఏడు చేపల కథ.

హార్టన్ ఒక ఏనుగు. దుమ్ము రేణువు మీద ఒక ఊరుందని, అందులో మనుషులున్నారని దానికొక్కదానికే వినిపిస్తుంది. అడవంతా నవ్వుతుంది, ఆ రేణువును మరిగే నూనెలో వేస్తామంటుంది. ఊరు ఊరంతా గొంతు చించుకున్నా చాలదు. ఆఖరికి ఒక బుడ్డోడి కేక తోడైతేనే అది బయటికి వినబడుతుంది. యుద్ధకాలంలో జపనీయులను కించపరిచే బొమ్మలు గీసిన స్యూస్, 1953లో జపాన్ వెళ్లొచ్చాక ఈ పుస్తకం రాసి అక్కడి స్నేహితుడికి అంకితమిచ్చాడు. ఇందులో పెద్దవాడి పశ్చాత్తాపం ఉందని నాకనిపిస్తుంది, అది నచ్చుతుంది కూడా. నచ్చనిదల్లా, మేమున్నామని రుజువు చేసుకునే పూచీ ప్రాణం మీదికొచ్చినా ఆ చిన్నవాళ్లదే కావడం.

మన ఏడు చేపల కథలోని చీమకు ఆ పాట్లు లేవు. ఎండని చేప దగ్గర మొదలైన విచారణ గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, ఏడ్చే పిల్లవాడు అంటూ దిగి దిగి దాని దగ్గరికొస్తుంది. అందరిదీ ఒకటే జవాబు: ఫలానావాళ్ల వల్ల. చీమ ఒక్కటే కుట్టానని ఒప్పుకుంటుంది. ఒప్పుకుని, పిల్లవాడు తన పుట్టలో వేలెందుకు పెట్టాడని ఎదురడుగుతుంది. తప్పు పైనుంచి మెట్లు దిగి కింది మనిషి దగ్గర ఆగడం బొగ్గుబాయి పని తెలిసిన ఇళ్లకు కొత్త కాదు. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. అక్కడ ఏం జరిగిందో వాళ్ల నోట వినే వీలే లేకపోయింది. కథ మాత్రం చీమ దాకా దిగివచ్చి, దాని మాట విన్నాకే ఆగుతుంది.

  

అట్లాగని ఏడు చేపల కథను నెత్తిన పెట్టుకోను. హార్టన్ కథలో వెక్కిరించిన కంగారూ కూడా చివరికి మనసు మార్చుకుంటుంది, రేణువు దక్కుతుంది. మన కథ చీమ మాటతోనే కంచికి పోతుంది. చేప ఎండిందా, పుట్ట మిగిలిందా, ఏమీ తేలదు. అడిగే హక్కు చీమకు ఇచ్చినవాళ్లు జవాబు చెప్పే పని ఎవరికీ పెట్టలేదు.

పాప కూడా అక్కడే పట్టుకుంది.

“మరి పిల్లగాడు వేలు తీసిండా తాతా?”

“కథల లేదు బిడ్డా.”

కాసేపు ఆలోచించింది. “తియ్యకపోవచ్చు. చీమనే ఇంకోకాడ పుట్ట పెట్టుకొమ్మన్నరేమో.”