పడవ ప్రయాణము: రంగి యిల్లెక్కడ?

ఇల్లనగా నేమి? గోడలా, కప్పా, లేక తలుపు మూసికొనుటకును తీసికొనుటకును గల యధికారమా? పాలగుమ్మి పద్మరాజుగారి “పడవ ప్రయాణం” అను కథను మరల చదివినప్పుడు మాకు తోచిన ప్రశ్న యిది. ఆయన “గాలివాన”కు 1952లో న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడపిన ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చుటచే ఆ కథయే లోకమునకు ఎక్కువగా తెలిసినది. మా దృష్టిలో “పడవ ప్రయాణం” దానికి తీసిపోదు. కాని దానిని మన యిండ్లలో చదువుచున్న తీరు మాత్రము సరియైనది కాదని చెప్పుటకే యీ వ్యాసము.

కథ చిన్నది. రాత్రివేళ కాలువపై సరకుల పడవ సాగుచుండును. చదువుకొన్నవాడొకడు అందు ప్రయాణికుడు; కథ చెప్పువాడతడే. దారిలో పద్దాలు, రంగి యను నిరువురు పడవ యెక్కుదురు. తక్కినవారు నిద్రించిన పిమ్మట పద్దాలు సరకు దొంగిలించి గట్టు చేరి మాయమగును. రంగి పడవలోనే యుండి పట్టుబడును. ఆ రాత్రి ఆమె తన బ్రదుకును ఆ ప్రయాణికునికి చెప్పుకొనును. పద్దాలు ఆమెను కొట్టినవాడు; వేరొక యాడుదానిని చేరినవాడు. అయినను ఆమె వానిని విడువదు.

మా వేములపల్లి ప్రాంతపు చదువరులకు ఈ పడవను గూర్చి కొంత చెప్పవలసియున్నది. మా యూరి ప్రక్కను పారు నాగార్జునసాగర్ ఎడమకాలువ పొలములకు నీరిచ్చుటకు ఏర్పడినది. 1967లో సాగరు నీరు వదలినది మొదలు కాలువ యనిన మా కండ్లకు వరిచేనే కనబడును. పడవ యెక్కవలెనన్న నాగార్జునకొండ ద్వీపమునకు పోవు లాంచిని తలంచుకొందుము. గోదావరి డెల్టా సంగతి వేరు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తి కాగా, కాటను దొర పూనికతో ఏర్పడిన పెద్దకాలువలు సేద్యమునకే గాక పడవలకును పనికివచ్చునట్లు లాకులతో నిర్మింపబడినవి. గాలి యున్నచో తెరచాప; లేనిచో గట్టున నడచుచు మనుష్యులు లాగు తాడు. పడవవారికి పొయ్యియు పడకయు అందే. ప్రయాణికుడు వెల్లకిల పరుండి నక్షత్రములను చూచుచుండగా, వాని క్రింది పలక మరియొకనికి కాపురపు నేల. ఈ సంగతి మరచినచో కథలో సగము మనకందదు.

నావయందు వాసమనునది లోకసాహిత్యమున పాత వస్తువే. మధ్యధరా సముద్రమున ఒడిస్సియస్ ట్రాయి యుద్ధానంతరము పదియేండ్లు ద్వీపమునుండి ద్వీపమునకు తిరిగినట్లు హోమరు వర్ణించెను. అందు కిర్కే యొద్ద నొక సంవత్సరము, కలిప్సో యొద్ద ఏడు సంవత్సరములు గడచినవి. ఇంట పెనెలొపి ఇరువదియేండ్లు వేచియుండెను. మగని సంచారమునకు సాహసమనియు, ఆలి నిరీక్షణమునకు శీలమనియు పేర్లు పెట్టి లోకము రెంటిని పొగడినది. పద్మరాజుగారు దీనిని తలక్రిందులు చేసిరి. ఇచ్చట పడవలో మిగిలినది స్త్రీ. గట్టెక్కి పోయినవాడు పురుషుడు. వాని తిరుగుడునకు రచయిత సాహసమను పేరు పెట్టలేదు. మా అభిప్రాయమున ఈ కథ గొప్పతనమందే కలదు.

ఈనాడును ఆ గ్రీకుదీవుల నడుమ తెరచాపనావలలో నెలలతరబడి కాపురముండు విహారులు కలరు. నావ వారి సొత్తు, ఒక రేవు నచ్చనిచో మరియొక రేవునకు పోగలరు, విసిగినచో దిగగలరు. దిగగల స్వేచ్ఛ యుండుటచేతనే వారికి ఆ నావ యిల్లగుచున్నది. రంగికి దిగుటకు రేవేది? పడవ పరులది. గట్టు పోలీసులది. పద్దాలు మరియొకతె వాకిట నున్నాడు.

ఇట్టి రంగిని మనవారు కొందరు “చదువులేని పతివ్రత” యని మెచ్చుకొనుట మేమెరుగుదుము. మగడెట్టివాడైనను విడువని యాడుది ఉత్తమురాలని బిడ్డలకు చూపుటకు ఈ కథ నుదాహరింతురు. ఇది కథకు చేయు అన్యాయము. రంగి సాధ్వి కాదు. దొంగతనమున పాలు పంచుకొన్నది. అమాయకురాలును కాదు; పద్దాలు స్వభావమును ఆమె యెరిగినంతగా ఎవరును ఎరుగరు. ఆమెది ప్రేమయే యందురా? కావచ్చును, మేము కాదనము. కాని ప్రేమ యొకటి, ధర్మము వేరొకటి. ఒకతె భరించినదానిని అందరును భరింపవలయునని విధించునప్పుడు ప్రేమ శాసనమగును. రచయిత అట్టి శాసనము చేయలేదు. చేసినవారము చదువరులమే.

అయినను రచయితయందు దోషమే లేదనలేము. కథ చెప్పువాని జాలి చౌకది. రాత్రి గడచిన, వాని ప్రయాణము వానిది. ఆమె మాటలు విని కదలిన మనస్సు, ఆమెకు వేరొక దారి యుండవచ్చునా యని ఒక్కమారైనను గట్టిగా అడుగదు. అడుగకుండుటచే, మూయబడిన తలుపును చూచి చదువరి దానిని గోడ యనుకొనుచున్నాడు. ఈ కథ 1995లో కె.యస్. సేతుమాధవన్‌గారి దర్శకత్వమున “స్త్రీ” యను చిత్రమై, తెలుగు ఉత్తమచిత్రముగా జాతీయ పురస్కారమందినది. రంగి పేరు విడిచి జాతి పేరు పెట్టుట మాకు శంక కలిగించుచున్నది. ఒకానొక రంగి కథను స్త్రీజాతి స్వభావమని చదువుటకు ఆ పేరు త్రోవ చూపును.

కాలము మారినది. గృహహింసనుండి స్త్రీలను రక్షించు 2005 నాటి చట్టము, ఇల్లు మగని పేరనున్నను, ఆ యింట కాపురమున్న స్త్రీకి నివసించు హక్కు కలదని చెప్పినది. తాళి లేకున్నను వివాహమువంటి సంబంధమున నున్నవారికిని ఆ రక్షణ చెందును. రంగివంటి వారిని తలచియే ఆ మాట వ్రాసినట్లున్నది. కాని చట్టము గట్టున నిలిచియున్న దీపము. పడవను అచ్చటికి త్రిప్పువారు కావలెను. ఆ పని ఇరుగుపొరుగుది, పుట్టింటిది, చదువుకొన్న ప్రతి యింటిది. కొట్టబడిన కూతురు గుమ్మమున నిలిచినప్పుడు “సర్దుకొని పొమ్మ”ని త్రిప్పిపంపు తల్లిదండ్రులు, ఆ పడవలోని ప్రయాణికునికంటె ఏమి మెరుగు?

కనుక “పడవ ప్రయాణం” మన యిండ్లలో తప్పక చదువవలసిన కథ. ఆడపిల్లలచేత చదివింపుడు, మగపిల్లలచేత మరింత చదివింపుడు. చదివిన పిమ్మట “రంగి యెంత మంచిది!” యని పుస్తకము మూయక, “ఆమె దిగుటకు మన వాకిట రేవున్నదా?” యని తమ్ము తామడిగికొందురుగాక.