ఇద్దరు వచ్చారు, మజ్జిగ చాలన్నారు

చెన్నైలో కూవం నది వంపులో ఉన్న చింతాద్రిపేట నేతగాళ్ల కోసం వేసిన పేట. 1734లో గవర్నరు మోర్టన్ పిట్ కాలంలో, సుంకురామ శెట్టి అనే తెలుగు వర్తకుడి తోటను తీసుకుని కట్టారు. సుమారు వందేళ్ల తర్వాత అక్కడ అమెరికన్ మిషన్ కాలూనింది. 1836లో మద్రాసు చేరిన మైరన్ విన్‌స్లో ఏళ్ల తరబడి కూర్చిన తమిళ-ఇంగ్లీషు నిఘంటువు 1862లో అచ్చయింది. అరవై ఏడు వేలకు పైగా మాటలున్న గ్రంథమది. మతం చెప్పడానికి వచ్చినవాడు ముందు ఊరి మాట నేర్చుకోవాలన్నది ఆ మిషన్ పట్టిన దారి.

విన్‌స్లో ఆ పనిలో ఉండగానే, 1853లో, ఇంకో అమెరికా సంఘం మనుషులు మద్రాసు రేవులో దిగారు. వాళ్లే మోర్మన్లు. ఆ బృందంలోని రిచర్డ్ బాలంటైన్ 1849లో సాల్ట్ లేక్ సిటీలో తన ఇంట్లోనే ఆ సంఘపు మొదటి సండే స్కూలు నడిపినవాడు. మద్రాసులో కరపత్రాలు వేశాడు, వాదాలకు జవాబులు రాశాడు, ఒక మాసపత్రిక కూడా తెచ్చాడు. అన్నీ ఇంగ్లీషులోనే. విన్నవాళ్లలో ఎక్కువమంది యూరోపియన్లు. పైగా ఆ సంఘం బహుభార్యాత్వాన్ని బాహాటంగా ప్రకటించి అప్పటికి ఏడాదే అయింది. పాదిరీలకు అంతకన్నా ఏం కావాలి? మరుసటి ఏడు బాలంటైన్ ఓడెక్కేశాడు.

ఇప్పటి మోర్మన్ మిషనరీ పద్ధతి వేరు. తెల్ల చొక్కా, టై, జేబు మీద పేరున్న నల్ల బిళ్ల. మన దేశంలో తిరిగే ఈ కుర్రాళ్లలో చాలామంది భారతీయులే. ఈ సేవ అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. జీతం ఉండదు. పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. దేశాన్ని బట్టి వేళలు కాస్త అటూ ఇటూ జరుపుకోవచ్చు. వ్యాయామం, స్నానం, టిఫిన్ అయ్యాక గ్రంథ పఠనం. తర్వాత తమకు కేటాయించిన జతతో కలిసి చదువు. ఆ ఊరి భాష రానివాళ్లకు భాష చదువు కూడా ఉంటుంది. మధ్యాహ్నం, సాయంత్రం, చీకటి పడేదాకా మనుషుల్ని కలవడమే పని. బట్టలు ఉతుక్కోవడానికీ ఇంటికి ఫోన్ చేసుకోవడానికీ వారానికొక రోజు. వారం వారం ఫోన్ చేసుకునే వెసులుబాటు కూడా 2019లోనే వచ్చింది.

నన్ను ఆలోచింపజేసేది ఆ జత. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకూడదు. జతను పైవాళ్లే నిర్ణయిస్తారు. నచ్చినా నచ్చకపోయినా ఒకే గది, ఒకే వంట. పాఠం చెప్పేటప్పుడు ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు వినేవాళ్ల ముఖం గమనిస్తారు. ఎక్కడ విసుగు కనిపించిందో, ఎక్కడ కన్ను చెమ్మగిల్లిందో అక్కడ మాట అందుకుంటారు. ఒకప్పుడు పాఠాలు కంఠస్థం చేయించేవారు. 2004లో వచ్చిన ‘ప్రీచ్ మై గాస్పెల్’ అనే చేతిపుస్తకం ఆ పద్ధతిని మార్చింది. విషయం తెలిసుండాలి, మాటలు మాత్రం ఎదుటివాళ్లను బట్టి ఎంచుకోవాలి.

అసలు కిటుకు పాఠం చివర ఉంటుంది. వాదించరు. తమ పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథం చేతికిచ్చి, “ఈ నాలుగు పేజీలు చదవండి, నిజమో కాదో దేవుణ్ణే అడగండి” అంటారు. రెండు రోజులాగి మళ్లీ వస్తారు. “చదివారా? అడిగారా?” రుజువు భారం వినేవాళ్ల మీదికి వెళ్లిపోతుంది. ఇది చాలా తెలివైన బోధన పద్ధతి. కాకపోతే జవాబు రాలేదన్నవాళ్లకు మళ్లీ ప్రార్థించమనడమే తప్ప, అది అబద్ధమేమోనని చెప్పే దారి ఇందులో లేదు.

ఇక కాఫీ. 1833 నాటి నియమం ప్రకారం మద్యం, పొగాకుతో పాటు కాఫీ, టీ కూడా వీళ్లకు నిషిద్ధం. ఇంటికి వచ్చినవాళ్లకు ఫిల్టర్ కాఫీ ఇవ్వకుండా పంపడం చెన్నైలో మర్యాద కాదు. కాదంటే “మా ఇంట్లో తాగరా బాబూ?” అని పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుంది. “అయ్యో, అదేం లేదమ్మా, మజ్జిగుంటే చాలు” అనగలగడం కూడా మిషనరీకి రావలసిన విద్యే. సంఘంలో చేరదలిస్తే ఆ ఇంటివాళ్లూ కాఫీ మానాలి. రాబడిలో దశమభాగం సంఘానికి ఇవ్వడం కంటే ఇదే కష్టమనుకుంటాను.

ఇంత కట్టుదిట్టమైన శిక్షణ ఉన్నా, తెలుగువాళ్లలో ఈ సంఘం నిలదొక్కుకున్నది టై కట్టిన కుర్రాళ్లతో కాదు. హైదరాబాదుకు చెందిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా దీవుల్లో ఉండగా ఇందులో చేరారు. 1978 డిసెంబరులో మిషనరీలుగా సొంతూరికే వచ్చి తమ బంధువులకే బోధించారు. సుమారు ఇరవై మంది బాప్తిస్మం పొందారు. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం పాస్టరుగా పనిచేసినవారు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయనే. ఎంపిక చేసిన భాగాలు 1982లో వెలువడ్డాయి. విన్‌స్లోలా ఆయన కొత్తగా భాష నేర్చుకోవలసిన పని లేదు. బాలంటైన్‌లా శ్రోతల కోసం వెతుక్కోవలసిన పనీ ధర్మరాజు దంపతులకు లేదు. భోజనాల దగ్గర కూర్చున్నవాళ్లే శ్రోతలు.

అందుకే మిషనరీలను ఒకచోట ఎక్కువకాలం ఉంచకపోవడం నాకు వింతగా తోస్తుంది. ఆరు వారాలకోసారి బదిలీల జాబితా వస్తుంది. వీధి మలుపులూ, ఇంటింటి వరసలూ తెలిసేసరికి పేరు అందులో ఉండొచ్చు. మొదలుపెట్టిన పాఠం స్థానిక సభ్యుల చేతుల్లోకి వెళ్తుంది. హైదరాబాదులో జరిగినట్టు ఆ సభ్యుల్లో మేనత్తో బావమరిదో ఉంటే ఆ పాఠం సాగుతుంది. 2012లో భారతదేశంలో ఈ సంఘపు తొలి స్టేక్, అంటే అనేక స్థానిక సంఘాలను కలిపి నడిపే మండలం, ఏర్పడింది హైదరాబాదులోనే.