కట్టిన జర్మనీ, కట్టవలసిన కొల్లేరు

ఒక దేశపు వీధిని, వంటను, పాటను వేరొక దేశంలో కొద్దిపాటి స్థలంలో నిర్మించి చూపడం థీమ్ పార్కుల నిర్మాణంలో ఒక ప్రత్యేక విద్య. థీమ్ పార్కు అంటే ఏదో ఒక ఇతివృత్తాన్ని ఎంచుకుని, భవనాలు మొదలు సిబ్బంది దుస్తుల వరకు అన్నిటినీ దానికి ఒదిగేలా తీర్చిదిద్దిన వినోదస్థలం. 1996లో హైదరాబాదు శివారున మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీలో తిరిగిన తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. దీని ప్రౌఢరూపం మాత్రం అమెరికాలోని ఫ్లోరిడాలో, వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో భాగంగా 1982 అక్టోబరు 1న తెరిచిన ఎప్‌కాట్‌లో కనిపిస్తుంది. అక్కడ ఒక కృత్రిమ సరస్సు చుట్టూ పదకొండు దేశాల ప్రాంగణాలున్నాయి. అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్లే ఏలూరు, తాడేపల్లిగూడెం తల్లిదండ్రులు చూసివచ్చే చోట్లలో అదొకటి. అందులోని జర్మనీ ప్రాంగణాన్ని, దానిలోని బీర్‌గార్టెన్, అంటే బీరు తోట, అనే భోజనశాలను నిదానంగా పరిశీలిస్తే, ఒక సీమను చూపే పనిలో ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో తెలుస్తుంది. ఏలూరు దగ్గరి కొల్లేరు సరస్సు సీమకు ఆ తెలివిడి ఇప్పుడు అవసరం.

ప్రాంగణం నడుమ డ్రాగన్‌ను సంహరిస్తున్న సెయింట్ జార్జి విగ్రహం, వెనుక గంటలు మోగే గడియారపు గోపురం, దానికి అవతల రైన్ లోయ కోటలను తలపించే ప్రాకారం ఉన్నాయి. ఒక దుకాణం ముఖద్వారం ఫ్రైబర్గ్ నగరంలోని పదహారవ శతాబ్దపు వర్తక భవనాన్ని అనుసరించింది. పై అంతస్తులను కింది వాటికన్నా చిన్న కొలతతో కట్టి, భవనం ఉన్నదానికంటే ఎత్తుగా కనిపించేలా చేసే నేర్పు ఇలాంటి పార్కులన్నిటికీ ఆధారం. రైన్ నదిలో పడవ ప్రయాణాన్ని తలపించే విహారం కూడా మొదటి ప్రణాళికలో ఉంది గాని, అది సందర్శకుల కోసం ఎన్నడూ మొదలు కాలేదు. అందువల్ల ప్రాంగణం బరువంతా భోజనశాల మీదనే పడింది.

ఆ భోజనశాల లోపల ఎప్పుడూ సాయంసంధ్యే. పైకప్పు ఆకాశమై, చుట్టూ గ్రామపు ఇళ్ల ముఖభాగాలు, ఒక పక్క నీటిచక్రం, వేదిక మీద అకార్డియన్, ఇత్తడి వాద్యాల మేళం ఉంటాయి. సాసేజీలు, పులియబెట్టిన క్యాబేజీ, ఉప్పురాళ్లు అద్దిన ప్రెట్జెల్ రొట్టెలు ఎవరికి వారు వడ్డించుకుంటారు. ఈ అలంకారానికి మూలం 1810లో బవేరియా యువరాజు లుడ్విగ్ వివాహ సందర్భంగా మ్యూనిక్‌లో మొదలైన అక్టోబర్‌ఫెస్ట్ అనే ఉత్సవం. బీరు తోటల చరిత్ర దానికి కాస్త భిన్నమైనది. బీరు చల్లగా నిలవ ఉండడానికి నేలమాళిగల మీద చెస్ట్‌నట్ చెట్లు పెంచి, ఆ నీడలోనే అమ్మకం సాగిస్తున్న తయారీదారులకు 1812లో బవేరియా రాజు అనుమతి ఇస్తూ, రొట్టె తప్ప మరే ఆహారమూ అమ్మరాదని కట్టడి చేశాడు. అందువల్ల ప్రజలు ఇంటి నుంచి తిండి మూటగట్టుకుని తోటకు రావడం అలవాటైంది, నేటికీ అక్కడి అనేక తోటల్లో ఆ హక్కు చెల్లుతోంది. నిర్ణీత ధరకు భోజనం అమ్మే పార్కులో ఈ ఆచారానికి చోటు లేదు. కాని పరిచయం లేని కుటుంబాలను ఒకే పొడుగాటి బల్ల దగ్గర కూర్చోబెట్టే పద్ధతికి ఈ భోజనశాల పేరుపొందింది. మన పెళ్లి పంక్తిలో వలె పక్కనున్న అపరిచితుడితో మాట కలపవలసి రావడమే అక్కడి అసలైన జర్మన్ అనుభవమని చెప్పాలి.

జారిపోయినది చాలా ఉంది. ప్రాంగణం తెరిచిన 1982లో జర్మనీ రెండు దేశాలుగా చీలి ఉన్నా, ఆ గాయం ఛాయ అక్కడ కనిపించదు. సముద్రతీరపు ఉత్తర జర్మనీ, దాని చేపల వంట దాదాపు లేవు. విశేషమేమిటంటే, తెలుగు నేల మొదట ఎరిగిన జర్మనులలో ముఖ్యులు ఆ ఉత్తరాదివారే. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు; 1840ల్లో రాజమహేంద్రవరానికి మిషనరీలను పంపినది ఉత్తర జర్మనీ మిషన్ సంఘం. ఆ పరంపరలోని లూథరన్ సంఘాలు తాడేపల్లిగూడెం ప్రాంతంలో నేటికీ ఉన్నాయి. బడి, ఆసుపత్రి, ప్రార్థన కట్టిన ఆ జర్మనులకూ మేళం వాయించే ఈ జర్మనీకీ పోలిక తక్కువ.

అయినా ఈ ప్రాంగణంలో మెచ్చదగినది మనుషుల ఎంపిక. ఎప్‌కాట్ ఆయా దేశాల యువతను కొంతకాలానికి రప్పించి, వారి చేతనే అతిథులకు సేవ చేయించే పద్ధతి పాటించింది. సాంస్కృతిక వినిమయం కోసం వచ్చే ఇలాంటివారికి అమెరికా 1990 నాటి వలస చట్టంలో క్యూ వీసా అనే ప్రత్యేక అనుమతి కల్పించింది. గోడలు నకలైనా, వడ్డించేవారు ఆ నేల మనుషులైనప్పుడు సందర్శకుడి ప్రశ్నకు సజీవమైన సమాధానం దొరుకుతుంది.

ఇక మన సీమకు వస్తే, ఏలూరు మీదుగా, తాడేపల్లిగూడెం పక్కగా సాగే జాతీయ రహదారి వెంట తాటాకు కప్పు, బండిచక్రం, లాంతరు అమర్చి పల్లెను చూపే భోజనశాలలు వెలుస్తున్నాయి. కొల్లేటి పేరు పెట్టుకునేవారు గుర్తుంచుకోవలసినది ఆ పేరు వెనుక ఉన్న జీవితం. దోనెలో తిరుగుతూ వెదురు మావులతో, అంటే చేపలు చిక్కే బుట్టలతో, జాలర్లు పట్టిన కొర్రమీను, మార్పు, జెల్ల, గొరక కొల్లేటి సొంత చేపలు. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి తరువాతి కాలపు వ్యాపారం. ఈ రెండింటి తేడాను, చెరువుగట్ల కింద సరస్సు కుంచించుకుపోయిన కథను, 2006లో ఆ గట్లను కూల్చిన సంగతిని చెప్పని కొల్లేరు సగం కొల్లేరే.

సరస్సులో 308 చదరపు కిలోమీటర్లు 1999 నుంచి అభయారణ్యం. 2002 నుంచి అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో ఉంది. కనుక పర్యాటక భోజనశాలలు కట్టదలచినవారు ఐదో కాంటూరుకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును సూచించే హద్దు గీతకు, బయటే కట్టాలి. వంటశాలను కొల్లేటి లంక గ్రామాల స్త్రీలకు, దోనెను లంకల జాలర్లకు అప్పగించి, వారికి తగిన జీతం ఇవ్వాలి.