అరిగిన అచ్చులు – నాణెముల సాక్ష్యము

నాణెము చరిత్రకు సాక్షి యని పండితులు చెప్పుదురు. సాక్షి మాట తడబడినప్పుడు ఆ తడబాటునకు కారణమును విచారించిన పిదపనే తీర్పు చెప్పుట న్యాయము. నాణెముపై ఒక అక్షరము గాని, బొమ్మలో ఒక అవయవము గాని కానరానప్పుడు, శిల్పి అసమర్థుడనియో, ప్రభువు క్షీణదశలో నుండెననియో, అది వేరొక టంకశాలదనియో తీర్మానించుట సులభము. కాని అనేక సందర్భములలో ఆ దోషము అచ్చుది.

రాజపాళయమునకు చేరువనున్న చోళపురము క్రీ.శ. 1529 మొదలు 1736 వరకు మదురను ఏలిన నాయకరాజుల సీమలోనిది. ఆ కాలపు చిన్న రాగి కాసులపై తమిళ, తెలుగు, నాగర లిపులలో వ్రాతలు కలవు. వాని ముద్రణము సమ్మెటపని. క్రింది అచ్చును దిమ్మెలో నిలిపి, దానిపై లోహపు బిళ్ళ నుంచి, మీది అచ్చును పట్టి సమ్మెటతో కొట్టెడివారు. దెబ్బను నేరుగా తినునది మీది అచ్చు గనుక అదియే ముందుగా చెడును. బిళ్ళ అచ్చుకంటె చిన్నదైనచో వ్రాతలో కొంత వెలుపలనే నిలిచిపోవును. కావున ఒక్క కాసును చూచి పాఠమును నిర్ణయింపరాదు. రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుని బంగారు నాణెములందు పద్ధతి వేరు. అందు నడిమి వరాహమును, చుట్టునున్న అక్షరములును వేర్వేరు ముద్రలతో కొట్టబడినవి. అక్కడ ఒక అక్షరము చెడినచో ఆ ఒక్క ముద్రనే శంకింపవలెను.

మసక నాలుగు విధములు. మొదటిది చేతులు మారుటచే కలుగు అరుగుదల. ఉబ్బెత్తు భాగములు ముందుగా సమసిపోవును. రెండవది దెబ్బ చాలకపోవుట. లోహము అచ్చు లోతులకు చేరక, బిళ్ళ గరుకుతనము ఆ చోట మిగులును. మూడవది అచ్చు అరుగుట. అక్షరముల అంచులు కరగినట్లుండును, నాణెపు అంచువైపు కిరణములవంటి గీతలు ప్రాకును. అట్టి అచ్చున పుట్టిన క్రొత్త నాణెమును ముసలిదానివలె కనబడును.

నాలుగవది అచ్చునకు అతిగా మెరుగుపెట్టుట. అచ్చుపై పడిన గీతలను, రెండచ్చులు ఒకదానినొకటి తాకిన గుర్తులను తొలగించుటకై పనివాడు దాని చదునైన తలమును రాయును. అప్పుడు తక్కువ లోతున చెక్కిన రేఖలు మాయమగును. లోతైనవి చెక్కుచెదరక నిలుచును. ఆ రాపిడి గీతలు నాణెముపై ఉబ్బుగా తేలును. నాణెమునే తోమినచో పడు గీతలు పల్లముగా నుండును. ఈ భేద మొక్కటియే అనేక వివాదములను తీర్పగలదు.

అమెరికాలో డెన్వరు టంకశాల 1937లో ముద్రించిన ఐదు సెంట్ల నాణెములు కొన్నింటిపై అడవిదున్న మూడు కాళ్ళతో నిలిచియున్నది. శిల్పి చెక్కినవి నాలుగే. ఒకటి మెరుగుపెట్టువాని చేతిలో పోయినది. ఆ టంకశాలవే 1922 నాటి సెంట్లు కొన్నింటిపై ‘డి’ యను గుర్తు కానరాదు. ఆ యేట సెంట్లను ముద్రించినది డెన్వరు ఒక్కటియే గనుక సత్యము తెలిసినది. లేకున్న, గుర్తు నుంచని ఫిలడెల్ఫియా టంకశాలకు అవి చెంది యుండెడివి.

ఇది తెలుగునాటికి దూరపు ముచ్చట కాదు. హైదరాబాదు టంకశాల నాణెములపై సంవత్సరము క్రింద చిన్న నక్షత్రము నుంచును. కలకత్తా టంకశాల ఏ గుర్తును ఉంచదు. అచ్చులోని నక్షత్రము జిడ్డుతో పూడినను, రాపిడిలో అరిగినను, హైదరాబాదు నాణెము కలకత్తాదిగా చెల్లిపోవును. గుర్తు లేకపోవుటయే గుర్తుగా గల పద్ధతిలో ఈ ప్రమాదము తప్పదు.

నాయకరాజుల కాసుపై ఒక తెలుగు అక్షరము లేదని దానిని మరియొక ప్రభువునకు అంటగట్టినచో, దక్షిణాది తెలుగువారి చరిత్రలో లేని అధ్యాయము పుట్టును, ఉన్నది చెరిగిపోవును. దీనికి మందు ఒక్కటే: ఒకే అచ్చున పుట్టిన నాణెములను ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట. అచ్చు చెడుట క్రమముగా సాగును గనుక, ఏది ముందు ముద్రితమో ఏది వెనుకనో ఆ వరుసయే చెప్పును. ఇట్లు చెడిన అచ్చు సైతము నమ్మదగిన సాక్షియగును. అయితే ఇండ్లలో దొరకిన కాసులను చింతపండుతో తోమి మెరయించినచో ఆ సాక్షి నోరు మూసినట్లే. అచ్చునకు పెట్టిన మెరుగు ఒక రేఖను చెరిపెను. కాసునకు పెట్టు మెరుగు దాని కథనే చెరుపును.